జూలై 14: ఫ్రెంచోళ్ళ పండగ బాస్టీల్‌కా, ఆ మరుసటేడు జరిగిన ప్రమాణానికా?

లియోన్‌బాబు:
ఇక్కడ లియోన్‌లో ఉద్యోగం, నాలుగేళ్ళయింది. మొన్న ఆఫీసు గ్రూపులో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన ఆ జెండాల వీధి బొమ్మ పెట్టి "హ్యాపీ బాస్టీల్ డే" అన్నా. లంచ్‌లో మా టీమ్‌లో పెద్దాయన ఫోర్కు పక్కన పెట్టి మరీ అందుకున్నాడు, ఆ పేరు ఇంగ్లీషోళ్ళు పెట్టుకున్నది, మేం "కతోర్జ్ జుయ్యే" అంటాం, అంటే జూలై పద్నాలుగు, అంతే, పైగా పండగ 1789లో జనం బాస్టీల్ అనే జైలుకోట పడగొట్టినందుకు కాదు, 1790లో దేశమంతా ఒక్కటిగా ప్రమాణం చేసినందుకు అని. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలా, బళ్ళో మాకు 1789 అనే చెప్పారంది. కాఫీలు చల్లారిపోయాయిగానీ ఇద్దరూ తగ్గలేదు. మనం సోషల్‌లో చదివిందీ బాస్టీలే కదా, మరి ఏది రైటు?

పాతపుస్తకం:
పెద్దాయనదే రైటండీ. ఈ పండగ పెట్టింది 1880లో, విప్లవం మొదలైన తొంభయ్యేళ్ళకి. ఫ్రెంచి పార్లమెంటు పైసభ సెనేట్‌లో చాలామందికి బాస్టీల్ పేరెత్తితే ఒళ్ళు మండేది, ఆ రోజు ద లోనే అనే కోట అధికారి తల నరికి ఈటెకి గుచ్చి ఊరేగించారు మరి. అప్పుడు ఆన్రి మార్తాఁ అనే సెనేటర్ లేచి, 1789 తర్వాత 1790 జూలై 14 కూడా ఉందని మర్చిపోకండి, ఆ రోజు నెత్తుటి బొట్టుగానీ కన్నీటి చుక్కగానీ రాలలేదు అని నచ్చజెప్పాడు. ఆ 1790 ముచ్చట చదవాలి మీరు. పారిస్‌లో షాఁ ద మార్స్ మైదానం చదును చెయ్యడానికి టైమ్ చాలకపోతే గొప్పింటి ఆడవాళ్ళూ కూలీలూ కలిసి తోపుడుబళ్ళతో మట్టి మోశారు, తీరా ఆ రోజు కుంభవృష్టి. ఆ వానలోనే తాలేరాఁ బిషప్ హోదాలో పూజ చేశాడు, జాతీయ రక్షక దళం అధిపతి లాఫాయెత్ ప్రమాణం చేశాడు, రాజు పదహారో లూయీ కూడా చేశాడు. జాతీయ పండగంటే అలాంటి దానికి ఉండాలి, తలకాయల ఊరేగింపుకి కాదు.

గడ్డపార:
మాస్టారూ, ఒక్క మాట. 1790లో ఆ పండగ జూలై 14నే ఎందుకు పెట్టుకున్నారు? బాస్టీల్ పడి ఏడాది అయిందని! పెళ్ళిరోజు చేసుకునేది పెళ్ళి అయినందుకా, మొదటి పెళ్ళిరోజున కేకు కోసినందుకా?
ఇంకోటి, మీరు ముచ్చటపడుతున్న ఆ నెత్తురంటని మైదానంలోనే ఏడాది దాటగానే, 1791 జూలై 17న, రాజు మాకొద్దని సంతకాలు పెట్టడానికొచ్చిన జనం మీద కాల్పులు జరిపించింది ఎవరు? లాఫాయెత్ సేనలే. ప్రమాణం చేసిన రాజుగారి తల 1793 జనవరిలో పోయింది. ఐక్యత అంట.

మల్లెతీగ:
చిన్న డౌటు బ్రో. బాస్టీల్‌లో ఆ రోజు ఉన్నది ఏడుగురే ఖైదీలంట కదా, అందులో నలుగురు దొంగ పత్రాలు చేసినోళ్ళు, ఇద్దరికి మతి సరిగా లేదు. వాళ్ళని విడిపించడానికి దగ్గర దగ్గర వందమంది ప్రాణాలిచ్చారా?

గడ్డపార:
ఖైదీల కోసం ఎవరెళ్ళారండీ, మందుగుండు కోసం. పొద్దున్నే పాత సైనికుల ఆశ్రమం అంవాలీద్ నుంచి 30,000 దాకా తుపాకులు ఎత్తుకొచ్చారు, పేల్చడానికి మందు లేదు, ఆ పీపాలు బాస్టీల్‌లో ఉన్నాయి. రాజు పారిస్ చుట్టూ సైన్యం దింపుతున్నాడని భయం ఒకపక్క, రొట్టె ధర మండిపోతోంది ఇంకోపక్క. ఆ రాజు మాత్రం ఆ రోజు డైరీలో "ఏమీ లేదు" అని రాసుకున్నాడు. అది వేట లెక్క లెండి, ఏ జంతువూ పడలేదని. అయినా పాపం, అంతకంటే చెత్త టైమింగ్ ఉండదు.

పాతపుస్తకం:
కేకు పోలిక బాగుందిగానీ, ఆ పెళ్ళిరోజు కథ చెప్పకపోతే సెనేట్ గడప దాటేది కాదు ఆ బిల్లు.

గడ్డపార:
గడప దాటించడానికి చెప్పింది వేరు, పండగ వేరు. బిల్లు తెచ్చిన బెంజమిన్ రాస్పాయ్ అతివాద రిపబ్లికన్. 1880 జూలై 6 చట్టం చూడండి, రిపబ్లిక్ జూలై 14ని ఏటా జరిపే జాతీయ పండగగా స్వీకరిస్తోంది, ఇంతే! ఏ ఏడాది జూలై 14 అన్నది రాయలేదు, కావాలనే వదిలేశారు. మొదటి పండగకి మూడు రోజుల ముందు 1871లో పారిస్‌ని కొన్నాళ్ళు ఏలిన పారిస్ కమ్యూన్ తిరుగుబాటుదార్లకి క్షమాభిక్ష కూడా ఇచ్చారు, అటు పారిస్‌లో గుర్రప్పందేల మైదానం లాంషాఁలో కవాతు పెట్టి రెజిమెంట్లకి కొత్త జెండాలు పంచారు. 1870లో జర్మన్ల చేతిలో ఓడిన అవమానం ఇంకా ఆరలేదు మరి. ఎవరికి కావల్సింది వాళ్ళకిచ్చారు.

ఓరుగల్లు పోరడు:
గిది మాకు కొత్తేం కాదన్నా. మా సెప్టెంబర్ 17 చూడు, ఒకలు విమోచనం అంటరు, ఒకలు విలీనం అంటరు, ఒక సర్కారు జాతీయ సమైక్యత దినం అన్నది, తర్వాతది ప్రజాపాలన దినం అన్నది. తారీకు ఒక్కటే, పేరు మాత్రం గద్దె మీద ఎవలుంటె వాళ్లది. ఫ్రెంచోళ్లు నయం, ఏడాదే రాయకుంట తప్పించుకున్నరు.

యానాం మనవరాలు:
మీరంతా పారిస్ గొడవే మాట్లాడుతున్నారు. మాది యానాం. ఫ్రెంచోళ్ళు ఏలినన్నాళ్ళూ, అంటే 1954 దాకా, మాకూ ఇది సర్కారు పండగే. మా తాతయ్య చెప్పేవాడు, పొద్దున్నే బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి జెండాకి దండం పెట్టించేవారట, పాట వచ్చినా రాకపోయినా నోరు ఆడించాలి, అయ్యాక మిఠాయి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని పాడించేది మనల్ని ఏలే దొరే! మా తాతకి 1789 ఏంటి, 1790 ఏంటి. మాకు పండగ ఫ్రెంచి పాలన పోయిన నవంబర్ 1. అలాగని పూర్తిగా పోలేదు కూడా, పుదుచ్చేరిలో ఫ్రెంచి సైన్యంలో చేసి రిటైరైన తాతలు మెడల్స్ పెట్టుకుని జూలై 14కి ఇప్పటికీ వస్తారు. పింఛను అక్కడి నుంచే కదా. (తప్పు పట్టట్లేదు.)

లియోన్‌బాబు:
అందరికీ థ్యాంక్స్. నేను చూసిందైతే ఇక్కడి కుర్రాళ్ళకి ఇవేవీ పట్టవు. కిందటేడు 13 రాత్రి పారిస్‌లో ఫైర్ స్టేషన్ డాన్సుకి తీసుకెళ్ళారు, గేటు దగ్గర పెద్ద చెక్క పీపా, తోచినంత అందులో వేసి లోపలికెళ్ళడమే, ఇంజిన్లు నిలిపే చోట పొద్దుపోయేదాకా డాన్సు. తెల్లారి టీవీలో కవాతు, 2023లో మన పంజాబ్ రెజిమెంట్ నడిచింది కూడా ఇదే కవాతులో. గడ్డపార గారి చట్టం వాక్యం రేపు ఆ ఇద్దరికీ చూపిస్తా.

పాతపుస్తకం:
చూపించండి. పన్లో పని, గ్రూపులో పెట్టిన ఆ మోనే బొమ్మ తీసేయండి. అది 1878 జూన్ 30 నాటి పండగ బొమ్మ, జూలై 14 కాదు.