మంచు పోయినా పురుగు బతికే ఉంది, మరి ముప్పు ఎక్కడ?

లెక్కల మాస్టారు:
అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో, మంచు కరిగి పారే వాగుల్లో, చల్లటి ఊటల్లో లెడ్నియా టుమానా అనే స్టోన్‌ఫ్లై (ఒక రకం నీటి పురుగు) ఉంటుంది. హిమానీనదాలు పోతే ఇదీ పోతుందని 2019లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. ఆ మరుసటేడే ఇంకో పరిశోధన వచ్చింది. హిమానీనదం ఎప్పుడో కరిగిపోయిన చోట్ల కూడా ఊటల్లో, మంచు నీటి వాగుల్లో ఈ చలినీటి పురుగులు ఉన్నాయట. అంటే తొందరపడి జాబితాలో పెట్టినట్టే కదా?

పురుగుల పిచ్చి:
మాస్టారూ, 2020 వాళ్ళు చూసింది పురుగు ఉందా లేదా అని. ఎన్ని జన్యు రకాలు మిగిలాయన్నది వేరే ప్రశ్న, దానికి ఇదే పురుగు జన్యువుల మీద 2016లో వచ్చిన పేపర్ చూడాలి. పదేళ్ళు దాటిన పాత నమూనాలు, 2010లో పట్టినవి కలిపి 116 పురుగుల మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ చదివారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం రెండు కాలాల్లోనూ ఉంది. దాని తర్వాతి రకం మాత్రం పాతవాటిలోనే, 2010 వాటిలో ఒక్కటీ లేదు. ఎక్కడో మూలనున్న అరుదైన రకం దొరక్కపోతే సర్లే అనుకోవచ్చు, రెండో స్థానంలో ఉన్నదే మాయమైతే? పైగా ఒకచోటి పురుగులకీ ఇంకోచోటి వాటికీ జన్యుపరంగా దూరం పెరిగింది, రాకపోకలు తగ్గాయన్నమాట.

లెక్కల మాస్టారు:
116నే రెండు కాలాలకీ పంచారు, అదీ తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏ. మిగతా జీనోమ్, అంటే పురుగు మొత్తం డీఎన్ఏలో మిగిలినదాని సంగతో?

పురుగుల పిచ్చి:
నమూనా చిన్నదే, కాదనను. కానీ తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టే, సంఖ్య తగ్గినప్పుడు దెబ్బ ముందు అక్కడ తగులుతుంది, మిగతా జన్యువుల్లో వైవిధ్యం నెమ్మదిగా కరుగుతుంది. ఆ మిగతాది ఇంకా ఉందేమో అని మీరే అంటున్నారు, ఉంటే కాపాడాల్సింది ఇప్పుడే కదా, అదీ పోయాక జాబితాలో పెట్టి ఏం లాభం?

ఊటనీరు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఒక ఊటలోవి పట్టి ఇంకో ఊటలో వదిలితే సరిపోదా?

పురుగుల పిచ్చి:
వినడానికి బాగుంది గానీ, అసలే తక్కువున్న చోట నుంచి తీస్తే అక్కడ ఇంకా తగ్గుతాయి, కొత్త నీళ్ళు వాటికి పడతాయన్న గ్యారంటీ లేదు. ముందు మంచు పోయాక కూడా పురుగులున్న ఆ ఊటల్లోంచే కొన్ని తీసి మొత్తం జీనోమ్ చదవాలి. అప్పటిదాకా దీన్ని జాబితాలోంచి తీయొద్దనే నా వాదన.

లెక్కల మాస్టారు:
ఆ జీనోమ్ లెక్క వచ్చాక మాట్లాడదాం. అందులోనూ తగ్గుదల కనిపిస్తే నేనే ఒప్పుకుంటా.