ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే వేసి ఉంచాలా, ఆపేయాలా? గిరి ప్రదక్షిణ ముందు తేల్చుకుందాం

మద్దిలపాలెం_రన్నర్:
సింహాచలం గిరి ప్రదక్షిణకి వాచీ ఎలా సిద్ధం చేసుకోవాలని అడిగితే అందరూ ముందు చెప్పేది ఏవోడీ (ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, అంటే టైమ్ ఎప్పుడూ కనబడేలా స్క్రీన్ ఆరకుండా ఉంచడం) ఆపేయమనే. నేనైతే మామూలు రోజుల్లో కూడా అది అక్కర్లేదంటాను. గెలాక్సీ వాచ్ 6కి కంపెనీ ఇచ్చిన లెక్క చూడండి: ఏవోడీ లేకుండా 40 గంటలు, ఉంటే 30. గార్మిన్ ఎపిక్స్ రెండో తరానికి మామూలుగా 16 రోజులు, ఏవోడీతో 6. పది రోజుల బ్యాటరీ వదులుకుని ఎప్పుడూ వెలిగే స్క్రీన్ ఎందుకు? చేయి తిప్పితే టైమ్ కనబడుతుంది కదా.

పూర్ణామార్కెట్_రిపేర్లు:
రన్నర్ గారూ, అంకెలు సరైనవే. కానీ రోజుల్లో కొలిస్తే తప్పుదారి పడతాం. శాతంలోకి మార్చి చూడండి. శాంసంగ్ 40 గంటలు వస్తే గంటకి 2.5 శాతం దిగుతున్నట్టు, 30 వస్తే 3.3 శాతం. తేడా గంటకి 0.8 చొప్పున రోజు మొత్తానికి 20 శాతం. ఎపిక్స్‌కి ఏవోడీ లేకపోతే రోజుకి 6 శాతం పైచిలుకు, ఉంటే 17 శాతం లోపు. తేడా పది శాతమే. అంటే పది రోజులు పోయాయని మీరంటున్న వాచీలోనే ఏవోడీ తక్కువ శాతం తింటోంది! మిగతా ఖర్చు తక్కువ కాబట్టి డిస్‌ప్లే ఖర్చు పెద్దగా కనిపిస్తుంది, అంతే. రోజూ ఛార్జింగ్ పెట్టే వాచీకి 20 శాతం పెద్ద నష్టం కాదు. ఛార్జర్ లేకుండా నాలుగు రోజులు ఊరెళ్ళేవాళ్ళకి మాత్రం మీ మాటే కరెక్టు.

ఇక చేయి తిప్పితే కనబడుతుందన్న మాట. లోపల కదలికని పసిగట్టే సెన్సర్ (యాక్సెలరోమీటర్) వెతికేది కిందనున్న చేయి పైకి లేచి ముఖం వైపు తిరిగే కదలికని. బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు ముందే అడ్డంగా ఉంటుంది, తిరగడానికి ఏమీ ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంటుంది. గుంతల రోడ్డు మీద మాత్రం అడగకుండానే వెలుగుతుంది. అలా వెలిగిన ప్రతిసారీ పూర్తి కాంతితో కొన్ని సెకన్లు ఉంటుంది. ఏవోడీ ఆపి చేయి తిప్పడం ఒక్కటే ఉంచుకుంటే మిగులుతుందనుకున్నదాంట్లో కొంత ఇక్కడ పోతుంది. వేర్ ఓఎస్ (గూగుల్ వాచీ సాఫ్ట్‌వేర్) ఉన్న వాచీల్లో దీనికి మధ్యే మార్గం ఉంది: ఏవోడీ వేసి, టిల్ట్ టు వేక్ (చేయి తిప్పితే వెలిగే ఏర్పాటు) ఆపేయండి. టైమ్ ఎప్పుడూ మసకగా కనబడుతుంది, పూర్తి వెలుగు కావాలంటే వేలితో తాకాలి.

వార్డు_డ్యూటీ:
ఆసుపత్రి పనికి గ్లవ్స్ వేసుకుని రెండు చేతులూ బిజీగా ఉన్నప్పుడు చేయి తిప్పడం కుదరదు, నిజమే. కానీ ఏవోడీ ఉన్న వాచీ కొనమని సలహా ఇచ్చేవాళ్ళు ఒకటి చెప్పరు. నాడి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలంటే సెకన్ల ముల్లు కావాలి. చాలా వాచీల ఏవోడీలో ముల్లు ఉండదు, స్క్రీన్ నిమిషానికొకసారే మారుతుంది. ఆపిల్ వాచ్ సిరీస్ 10లో సెకనుకొకసారి మారే ఏవోడీ వచ్చింది, అదీ కొన్ని ఫేస్‌లలోనే (ఫేస్ అంటే స్క్రీన్ మీద టైమ్ చూపించే డిజైన్). మా పనికి కొనేటప్పుడు షాపులో స్క్రీన్ మసకబారేవరకు ఆగి, ముల్లు తిరుగుతోందో లేదో కళ్ళతో చూసుకోండి.

ఎంవీపీ_ఓలెడ్:
అందరూ స్విచ్ గురించే మాట్లాడుతున్నారు, ఫేస్ గురించి ఎవరూ అనడం లేదు. ఓలెడ్ స్క్రీన్‌లో ప్రతి పిక్సెల్ (చుక్క) తనంతట తానే వెలుగుతుంది, కాబట్టి నల్లని పిక్సెల్ అంటే ఆరిన పిక్సెల్. ఏవోడీలో 15 శాతం కన్నా ఎక్కువ పిక్సెళ్ళు వెలగకూడదని వేర్ ఓఎస్ ఫేస్ తయారు చేసేవాళ్ళకి గూగుల్ సూచన ఉంది. బయట నుంచి ఉచితంగా దించుకునే ఫేస్‌లు కొన్ని దాన్ని పట్టించుకోవు. పూర్తి బొమ్మనే కాస్త మసక చేసి వదిలేస్తాయి. అలాంటి ఫేస్‌తో కొలిచి ఏవోడీ బ్యాటరీ తినేస్తోందంటే ఆ తప్పు ఏవోడీది కాదు. సన్నని అంకెలు, నల్లని నేపథ్యం, నీలం రంగు తక్కువ ఉన్న ఫేస్ పెట్టండి. నీలం పిక్సెళ్ళే ముందు అరిగిపోతాయి. ఒకే చోట కదలకుండా ఉండే లావాటి తెల్ల గీత నెలల తరబడి ఉంటే దాని ముద్ర పడిపోవచ్చు. పిక్సెళ్ళని కొద్దికొద్దిగా జరిపే ఏర్పాటు ఉన్నా ఆ లావు గీత మధ్య భాగం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ముద్ర పడిందేమో చూడాలంటే స్క్రీన్ నిండా బూడిద రంగు బొమ్మ పెట్టి చీకటి గదిలో చూడండి.

మద్దిలపాలెం_రన్నర్:
ఫేస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం ఎండకి లైట్ సెన్సర్ ఏవోడీ కాంతిని పెంచేస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. కంపెనీ లెక్కల్లో మన ఎండ ఉండదు. పైగా ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, జీపీఎస్ గంటల తరబడి ఆగకుండా నడవాలి. అక్కడ కూడా ఏవోడీ వేయమంటారా?

పూర్ణామార్కెట్_రిపేర్లు:
అక్కడ వద్దు. జీపీఎస్, గుండె కొలత రెండూ నడుస్తున్నప్పుడు డిస్‌ప్లే ఖర్చు తగ్గించడమే తేలిక. ఆపిల్‌లో లో పవర్ మోడ్, శాంసంగ్‌లో పవర్ సేవింగ్ వేస్తే ఏవోడీ దానంతటదే ఆగిపోతుంది. ఫోన్ జేబులో ఉంటే వాచీలో ఎల్‌టీఈ (సొంత మొబైల్ నెట్‌వర్క్) కూడా ఆపండి, జనం కిక్కిరిసిన చోట సిగ్నల్ వెతుక్కోవడానికే బ్యాటరీ పోతుంది. చెమట చేత్తో తాకితే స్క్రీన్ ఇష్టమొచ్చినట్టు మారుతుంది కాబట్టి తాకినా స్క్రీన్ స్పందించకుండా చేసే వాటర్ లాక్ వేసుకోండి.

అడవివరం_నడక:
ఈ గొడవంతా ఓలెడ్ వాచీలదే. గార్మిన్ ఫెనిక్స్ 7, ఫోర్‌రన్నర్ 255 లాంటి వాటిలో ఎమ్‌ఐపీ స్క్రీన్ ఉంటుంది. బయటి వెలుతురుతోనే ఎప్పుడూ కనబడుతుంది, ఎండ ఎంతుంటే అంత బాగా. బీచ్‌రోడ్డులో పరుగెత్తేవాళ్ళకి అదే సరైనది.

ఎంవీపీ_ఓలెడ్:
పగటికి నిజమే. కానీ ప్రదక్షిణలో జనం నడిచేది చాలావరకు రాత్రి. హనుమంతవాక నుంచి అప్పుఘర్ దాకా దీపాలు ఉన్న చోట సరే, మసక చోట్ల ఎమ్‌ఐపీకి బ్యాక్‌లైట్ నొక్కాల్సిందే. రాత్రి నడకకి ఓలెడ్‌లో మసక ఏవోడీయే హాయి.

వార్డు_డ్యూటీ:
ఏవోడీ వల్ల బ్యాటరీ తొందరగా ముసలిదవుతుందా? అదీ చెప్పండి.

పూర్ణామార్కెట్_రిపేర్లు:
రోజుకి 20 శాతం అదనమంటే ఏడాదికి 73 పూర్తి ఛార్జింగ్ సైకిళ్ళు (ఒక సైకిల్ అంటే మొత్తం 100 శాతం ఛార్జ్ వాడటం) అదనం. ఆపిల్ తన వాచీ బ్యాటరీ 1000 సైకిళ్ళ తర్వాత 80 శాతం దాకా నిలిచేలా తయారు చేశామంటుంది. ఆ లెక్కన 73 తక్కువేమీ కాదు, భయపడేంతా కాదు. వేడి అంతకన్నా చేటు. ఆపిల్ వాచీ వాడకానికి చెప్పిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు, మన వేసవి దాన్ని దాటేస్తుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ఛార్జింగ్ పెట్టకండి.

ఇంకో సంగతి. తీసి పక్కన పెట్టినా ఏవోడీ వెలుగుతూనే ఉంటే, వాచీ అడుగున ఉన్న సెన్సర్ గుడ్డకో టేబుల్‌కో ఆనుకుని చేతికున్నట్టు పొరబడుతోందన్నమాట. వెల్లకిలా కాకుండా పక్కకి నిలబెట్టండి, లేదా రాత్రికి స్లీప్ మోడ్ వేసేయండి. ఏవోడీ తినేస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో ముందు ఇది చూడాలి.

మద్దిలపాలెం_రన్నర్:
అయితే కొలిచి చూద్దాం. ఉదయం 7కి 100 శాతంతో మొదలుపెట్టి, 11కి ఎంతుందో రాయండి. ఒక రోజు ఏవోడీతో, మరో రోజు లేకుండా. ఫేస్ ఒకటే, రెండు రోజులూ ఒకే పని, మధ్యలో వర్కౌట్ వద్దు. కొత్త అప్‌డేట్ వేసిన రోజున మాత్రం కొలవకండి, వెనకాల జరిగే పనికే ఛార్జ్ దిగిపోతుంది. తేడా గంటకి 1 శాతం దాటితే ఫేస్ మార్చి మళ్ళీ కొలవండి. అంకెలు ఇక్కడే పెట్టండి, ఏ వాచీయో కూడా రాయండి. అప్పటిదాకా నా వాచీలో ఏవోడీ ఆపే ఉంటుంది.