విక్టోరియా ముద్ర ఉన్న మంగలికత్తి 1891కి ముందుదా, తరువాతిదా?

ఓరుగల్లు పాతకత్తులు: హన్మకొండలో ఒక పాత మంగలి పొదిలో దొరికిన కత్తి మీద కిరీటం, దానికి ఇరువైపులా విక్టోరియా రాణిని సూచించే వీ, ఆర్ అక్షరాలు, కింద కత్తులకు పేరుపడ్డ ఇంగ్లాండ్ పట్టణం షెఫీల్డ్ పేరు ఉన్నాయి. ఇంగ్లాండ్ అన్న మాట లేదు. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా సుంకాల చట్టం నిబంధన 1891 మార్చి నుంచి అమలైంది గనుక, ఇది అంతకు ముందుదేనని నా నిర్ణయం.

కాజీపేట వాసి: అమెరికా చట్టం అమెరికాకు వెళ్లే సరుకుకే వర్తిస్తుంది, నిజాం రాజ్యానికి వచ్చిన కత్తికి దానితో నిమిత్తం లేదు. దేశం పేరు ఉంటే 1891 తరువాతిదని అనుమానించవచ్చు గాని, లేనంత మాత్రాన ముందుదని రుజువు కాదు. వీ, ఆర్ ముద్రను బట్టి చూసినా విక్టోరియా ఏలిన 1837 నుంచి 1901 దాకా అరవై ఏళ్లకు పైబడిన కాలం మిగులుతుంది.

ఓరుగల్లు పాతకత్తులు: ఒక్కో దేశానికి ఒక్కో ముద్ర అచ్చు చేయించుకునేటంత తీరిక ఏ కర్మాగారానికి ఉంటుందండీ?

పరకాల రాము: వెండి ఉక్కు (సిల్వర్ స్టీల్) అని రాసి ఉందేమో చూడండి, అప్పుడు 1820ల నాటిదవుతుంది.

కాజీపేట వాసి: కాదండీ. మన దేశపు ఉక్కు గుట్టు తేల్చడానికి పూనుకున్న లండన్ కత్తుల తయారీదారు స్టోడార్ట్, శాస్త్రవేత్త ఫారడేలు ఆ కాలంలో ఉక్కులో అతి కొద్దిగా వెండి కలిపి చూసిన మాట నిజమే. ఆ పేరును మాత్రం తరువాత చాలాకాలం కత్తుల మీద వ్యాపారం కోసమే కొట్టారు.

పొది వారసుడు: నాలుగేళ్ల కింద ఒక వ్యాపారి మా ఇంటికి వచ్చి, ఇంగ్లాండ్ అన్న మాట లేదు కాబట్టి ఇది నకిలీదని నమ్మించి, మా తాత వాడిన కత్తిని రెండు వందలకు పట్టుకుపోయాడు. అదే గుర్తు లేకపోవడం కొనేటప్పుడు లోపమూ, అమ్మేటప్పుడు గొప్పా ఎట్లా అవుతుందో పెద్దలు చెప్పాలి.

ఓరుగల్లు పాతకత్తులు: ఆ వ్యాపారి తప్పుకు నేను బాధ్యుడిని కాను. చర్చ ముద్ర గురించి.

కాజీపేట వాసి: ముద్ర గురించే అడుగుతున్నాను. మీ ఫొటోలో కత్తి అద్దంలా మెరుస్తున్నది, షెఫీల్డ్ కింద మాత్రం సన్నని గీతలు మిగిలాయి. తుప్పు వదిలించడానికి గరుకు కాగితంతో రుద్దారా?

ఓరుగల్లు పాతకత్తులు: రుద్దాను. నా సొమ్ముతో కొన్న కత్తిని శుభ్రం చేసుకోవడానికి మీ అనుమతి కావాలా?

కాజీపేట వాసి: అక్కర లేదు. కానీ ఇంగ్లాండ్ అన్న మాటను మీ చేతులతోనే చెరిపేసి, అది లేదని కాలం నిర్ణయిస్తున్నారేమో అన్నదే నా సందేహం.

పొది వారసుడు: ఆ కత్తి వెడల్పు చూడండి. సాన మీద నూరి నూరి వాదర సగానికి వచ్చింది. అది ఒక్క మనిషి వాడకం కాదు, రెండు మూడు తరాలది. ఎవరి పొదిలోదో, ఏ ఊళ్లో పనిచేసిందో ఇచ్చినవారిని అడిగితే మీ ముద్ర కంటె ఎక్కువ తెలిసేది. ఎంతకు కొన్నారు?

ఓరుగల్లు పాతకత్తులు: రెండు వందల యాభై. నేనడిగింది కాలం గురించి, ధర గురించి కాదు.

పొది వారసుడు: సరే, కాలం గురించే. ఆ ఇంటివారి పేరు రాసి పెట్టుకున్నారా?

ఓరుగల్లు పాతకత్తులు: లేదు.