ఆనంద సూచికలో 118వ ర్యాంకు: కొలత తప్పా, మన బతుకు తీరు తప్పా?

గోదారి గట్టు (రాజమండ్రి):
ఏటా మార్చి 20కి ప్రపంచ ఆనంద నివేదిక అని ఒకటి వస్తుంది. దాని మీద నాకు ఎప్పట్నుంచో కోపం. 2025 జాబితాలో 147 దేశాలుంటే మనది 118. పాకిస్తాన్ 109. బాంబులు పడుతున్న ఉక్రెయిన్ 111. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి మొదటి స్థానం.

కొలిచే పద్ధతి చూడండి. గాలప్ సర్వే వాళ్ళు ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమైన అన్నిటికంటే మంచి జీవితం పైమెట్టు, అన్నిటికంటే చెడ్డది అడుగు. మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? ఇంతే ప్రశ్న.

ఇది ఒంటరి మనిషిని అడగాల్సిన ప్రశ్న అని నా వాదన. మా వీధిలో ఎవర్నైనా "ఎలా ఉన్నారండీ" అని పలకరించండి. "పెద్దాడు డాలస్‌లో ఇల్లు కొన్నాడు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం" అంటారు. షుగరు, మోకాళ్ళ నొప్పులు చివర్లో వస్తాయి, అవీ గుచ్చి గుచ్చి అడిగితేనే. మనవాళ్ళు ఆశని తమ దగ్గర ఉంచుకోరు, పిల్లల పేర పెడతారు. అలాంటి మనిషిని పట్టుకుని నీ మెట్టు ఎంత అంటే నాలుగో ఐదో అంటాడు. దాన్ని దుఃఖం కింద జమకట్టేస్తే ఎలా? ఇంట్లో నలుగురం కలిసి తింటాం, కష్టమొస్తే వీధంతా వస్తుంది. ఇవి ఏ లెక్కలోకి రావాలి?

చేదునిజం (హైదరాబాద్):
గట్టు గారూ, ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది జీడీపీ, ఆయుర్దాయం, అవినీతి అన్నీ కలిపి ర్యాంకు వేస్తారనుకుంటారు. కాదు. జనం చెప్పిన మెట్ల మీద మూడేళ్ళ సగటు తీస్తారు, ర్యాంకు అదే. మిగతా అంశాలన్నీ ఆ జవాబులు ఎందుకలా వచ్చాయో వివరించడానికి. అంటే 118 మనకి ఎవరో వేసిన మార్కు కాదు, మనవాళ్ళు తమ నోటితో చెప్పుకున్నది.

ఇక పిల్లల మీద ఆశ మన ఒక్కళ్ళ సొత్తా? నేపాల్ 92. అక్కడ తల్లిదండ్రులు దేనికోసం బతుకుతున్నారనుకున్నారు? మెక్సికో 10, కోస్టారికా 6. అక్కడా అమ్మమ్మలు, మేనత్తలు, ఆదివారం ఇంటినిండా జనమే. కుటుంబం గట్టిగా ఉంటే మార్కు తగ్గేట్టయితే వాళ్ళకీ తగ్గాలిగా.

గోంగూర బుడ్డోడు:
నిచ్చెన అనగానే పాము ఎక్కడుందా అని చూసే జాతి మనది, వైకుంఠపాళి ఆడి పెరిగాం. అందుకే ఎవడడిగినా రెండు మెట్లు తగ్గించి చెప్తాం. దిష్టి తగలదు 😀

చేదునిజం:
దిష్టి భయమైతే బాగా ఉన్నవాడు తగ్గించి చెప్పాలి బుడ్డోడా. కానీ ఎక్కడైనా డబ్బున్నవాళ్ళే ఎక్కువ మెట్టు చెప్తున్నారు.

ఓరుగల్లు పోరడు (వరంగల్):
గట్టు సార్, పిల్లల పేర ఆశ పెడ్తరు అన్నరు గద. మరి ఆ పిల్లలను గూడ అడగాలె.

నేను హాస్టల్ల ఉండి ఇంటర్ చదివిన. పొద్దుగాల లేస్తె స్టడీ అవర్, పండుకునే ముంగట స్టడీ అవర్. ఆదివారం ఫోన్ జేస్తె బాపు తిన్నవా అని అడగకముందే వీకెండ్ టెస్టుల ర్యాంకు ఎంత అని అడుగుతుండె. ఆయన మీద నాకు కోపం లేదు. ఉన్న రెండెకరాలల్ల ఒకటి అమ్మి ఫీజు కట్టిండు. ఆ ఎకరం నా నెత్తి మీద ఉండె. ఫిజిక్స్ పేపర్ ముంగట ఏసుకుంటె లెక్క కనవడకపోతుండె, పొలం కనవడుతుండె.

2019ల తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నయా? ఫెయిల్ అని వచ్చినంక ఇరవై మందికి పైగ పిల్లలు పాణాలు తీసుకున్నరు. ఎన్కసిరి పేపర్లు మల్ల చూస్తె వెయ్యి మందికి పైగ పాసయిండ్రు. ఆ పిల్లలు మార్కుల కోసం సచ్చిపోలే సార్. ఇంటికి పోయి మొఖం ఎట్ల చూపియ్యాలె అని సచ్చిపోయిండ్రు. మీరు ఆశ అంటున్నరు, మాకు అది బాకీ.

గోదారి గట్టు:
బాబూ, నువ్వు చెప్పింది చదివి కాసేపు ఊరుకున్నాను. కానీ నా మాట కూడా విను. నీ కోసం ఎకరం అమ్మేసిన నాన్న ఉన్నాడు. ఫిన్లాండ్‌లో ఏ తండ్రి అమ్ముతాడు?

ఉత్తరాన తెలుగోడు (ఎస్పో, ఫిన్లాండ్):
అమ్మే అవసరం రాదు సార్. ఇక్కడి పిల్లలకి యూనివర్సిటీలో కూడా ఫీజు లేదు. తండ్రికి ప్రేమ తక్కువై కాదు.

ఇక్కడ ఎవరూ ఆనందంతో గంతులేయరు. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు దాటగానే చీకటి. లిఫ్టులో పలకరిస్తే కంగారు పడతారు. జ్వరమొస్తే చారన్నం తెచ్చే పిన్నిగారు లేరు, ఆ లోటు లోటే, నేను కాదనను. కానీ చలికాలంలో కూడా కాఫీ హోటల్ బయట బండిలో పసిపిల్లని పడుకోబెట్టి తల్లి లోపల కూర్చుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేనే కాపలా నిలబడ్డాను. నిచ్చెన మీద ఎనిమిదో మెట్టు దగ్గర ఉన్నామని వీళ్ళు చెప్పేది ఆ ధీమాతోనే.

ఇది వాళ్ళ రక్తంలోనే ఉందనుకోకండి. 1990 ప్రాంతంలో ఇక్కడ ఏటా లక్షకు ముప్ఫై మంది దాకా ఆత్మహత్య చేసుకునేవాళ్ళు, ప్రపంచంలోనే ఎక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. మగవాడు బాధ బయటికి చెప్పకూడదన్నది ఇక్కడా సంస్కృతే. 1986లో ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, డాక్టర్లు, సైన్యం, బడులు అందర్నీ అందులోకి దింపింది. ఆ సంఖ్య ఇప్పుడు సగానికి పైగా తగ్గింది.

ఇంకోటి చెప్తే గట్టు గారు సంతోషిస్తారు. 2013లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక వాళ్ళు 16 నగరాల్లో పన్నెండేసి పర్సులు కావాలని పడేసి చూశారు. హెల్సింకిలో 11 తిరిగొచ్చాయి. రెండో స్థానం ముంబై, 9. పర్సు పోతే తిరిగొస్తుందని మన ఊళ్ళో ఎవర్నైనా అడగండి, నవ్వుతారు. ఇచ్చేవాళ్ళు ఉన్నారు, ఇస్తారన్న నమ్మకమే లేదు.

గోదారి గట్టు:
ముంబై మాట బాగుంది! చూశారా, మంచితనం మనకి తక్కువేం కాదు. ఆత్మహత్యల లెక్కా మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఒంటరితనం వల్లే కదా అక్కడ అన్ని?

చేదునిజం:
మన లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో 1,70,924 ఆత్మహత్యలు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, 31.7 శాతం. అనారోగ్యం దాని తర్వాతే. ఒంటరితనం మీద తోసేయడానికి లేదు.

తణుకు కోడలు:
అందరూ సంఖ్యలు చెప్తున్నారు, నేను మా ఇల్లు చెప్తాను. మొదటి పోస్టులో "నలుగురం కలిసి తింటాం" అన్నారు గట్టు గారు. ఈ 2025 నివేదికలోనే ఒక అధ్యాయం మొత్తం దాని మీద ఉంది. గడిచిన ఏడు రోజుల్లో మధ్యాహ్నం, రాత్రి కలిపి పద్నాలుగు భోజనాల్లో ఎన్ని తెలిసినవాళ్ళతో కలిసి తిన్నారని అడిగారు. ప్రాంతాల వారీగా చూస్తే దక్షిణాసియా అట్టడుగున ఉంది. మనమేనండి.

నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆదివారం మా ఇంట్లో కోడికూర. మామగారు, మా ఆయన, మరిది, పిల్లలు కూర్చుంటారు. నేనూ అత్తగారూ వడ్డిస్తాం. లివరు, కందనకాయ మామగారికి, లెగ్ పీసులు పిల్లలకి, మెత్తటి ముక్కలు మరిదికి. "కూర అదిరింది" అంటారు, ఇంకో గరిటె వేస్తాం. వాళ్ళు చేతులు కడుక్కున్నాక గిన్నెలో పులుసు, మెడ ముక్కా ఉంటాయి. అత్తగారు "నాకు ఆకలిగా లేదే, నువ్వు తిను" అంటారు. ఆవిడ పొద్దున ఐదింటికి కాఫీ తాగారు. చివరికి ఆవిడ పెరుగన్నం వంటగదిలో పీట మీద, నేను పొయ్యి గట్టు దగ్గర నిలబడి. ఆ టైముకి హాల్లో టీవీ మోగుతూ ఉంటుంది.

గాలప్ వాళ్ళు మా ఇంటికి వస్తే మామగారు పద్నాలుగుకి పద్నాలుగూ కలిసే తిన్నామని చెప్తారు, అబద్ధం కాదు. అత్తగారిని అడిగితే ఒక్కటీ ఉండదు, అదీ అబద్ధం కాదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే సంస్కృతి. కాబట్టి మన సంస్కృతి ఆనందాన్నిస్తుందా అని అడిగే ముందు ఎవరికి అని కూడా అడగండి.

గోదారి గట్టు:
అమ్మా, మీరు మరీ నెగెటివ్‌గా చూస్తున్నారు. వడ్డించడంలో ఆడవాళ్ళకి ఒక తృప్తి ఉంటుంది. మా ఆవిడ నలభై ఏళ్ళుగా నేను తిన్నాకే తింటుంది, ఎవరూ బలవంతపెట్టలేదు.

తణుకు కోడలు:
ఆవిడ్నే ఇక్కడ రాయమనండి బాబాయిగారూ. మేము వింటాం.

ఓరుగల్లు పోరడు:
😂😂 గట్టిగ తగిలింది

నిర్వాహకుడు:
ఇళ్ళ విషయాలు వచ్చాయి కాబట్టి కాస్త మర్యాదగా. ఒక కామెంటు తీసేశాను, రాసినవారికి తెలుసు.

గోదారి గట్టు:
సరే, వంటగది వదిలేద్దాం. ఆశ సంగతికొద్దాం. మాకు కొవ్వూరు దగ్గర కాస్త పొలం ఉంది, కౌలుకిచ్చాం. మా కౌలుదారు ఉగాది నాడు గుళ్ళో పంచాంగ శ్రవణానికి వస్తాడు. వాడి రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని చదివితే పకపకా నవ్వి, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ తొలకరికి దుక్కి దున్నుతాడు. వరద వచ్చి మునిగినా అంతే, "వచ్చే పంట చూద్దాం లెండి" అంటాడు. ఈ గుండెధైర్యం ఏ ప్రభుత్వం ఇచ్చింది? తరతరాల నుంచి వచ్చింది కాదా?

పల్నాడు మిర్చి (నరసరావుపేట):
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. ఈ మాటకి ఆగలేకపోయాను.

మేమూ మిరప కౌలుకి వేస్తాం. ఉగాది పచ్చడి తింటాం, పంచాంగం వింటాం, మా నాన్న రాజపూజ్యం ఎంత అవమానం ఎంత అని శ్రద్ధగా రాసుకుంటాడు. ఆ పూట మనసుకి కాస్త హాయి, లేదనను. కానీ మళ్ళీ విత్తనం వేసేది ధైర్యం ఎక్కువై కాదు. పెట్టుబడికి తెచ్చిన అప్పు తీరాలంటే ఇంకో పంట వేయక తప్పదు. కౌలు ముందే కట్టేశాం, కాయకి ధర లేకపోతే మునిగేది మేమే. 2025 మొదట్లో గుంటూరు యార్డులో ధర పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు మంచి కాయ ఇరవై వేలు దాటిన యార్డు అది. ఆశ పంచాంగంలో చూడాలా, యార్డు బోర్డు మీద చూడాలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు. ఆ కార్డుంటే బ్యాంకు అప్పుకి, పంట బీమాకి, నష్టపరిహారానికి దారి. అయితే పొలం యజమాని సంతకం పెట్టాలి. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. పోదని చట్టంలోనే ఉంది, అయినా పెట్టరు. మా ఊళ్ళో అడిగితే "నమ్మకం మీద ఇచ్చాం కదా, కాగితాలెందుకు" అంటారు. నమ్మకం ఉంటే సంతకానికి భయమెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

గట్టు గారూ, ఒక్క మాట. మీ కౌలుదారుకి సంతకం పెట్టారా?

గోదారి గట్టు:
మా అన్నదమ్ముల మధ్య పంపకాలు ఇంకా తేలలేదు. అతను మా ఇంట్లో మనిషి లాంటివాడు, అవసరమొస్తే మేమే చూసుకుంటాం. అయినా ఇక్కడ చర్చ ఆనంద సూచిక గురించి కదా.

పల్నాడు మిర్చి:
నేనూ దాని గురించే అడుగుతున్నానండి.