గుంటూరు నుంచి గన్నవరం: అమ్మానాన్నల్ని టైముకి విమానం ఎక్కించడం ఎలా?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అందరికీ నమస్కారం. నేను జర్మనీ వచ్చి ఏడు నెలలైంది. వచ్చే నెల అమ్మానాన్న మొదటిసారి నా దగ్గరికి వస్తున్నారు. ఇల్లు గుంటూరు బ్రోడీపేటలో. గురువారం సాయంత్రం 6:35కి గన్నవరంలో ఢిల్లీ విమానం, అక్కడి నుంచి రాత్రికి ఫ్రాంక్‌ఫర్ట్. రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. నాన్నేమో "యాభై అరవై కిలోమీటర్లేగా, నాలుగింటికి బయల్దేరితే సరిపోద్ది" అంటున్నారు. నేనెప్పుడూ గన్నవరం నుంచి ఎక్కలేదు, హైదరాబాదు నుంచి వచ్చాను. సాయంత్రం పూట విజయవాడ దాటడానికి ఎంతసేపు పడుతుంది? వాళ్ళు ఎన్నింటికి బయల్దేరాలి?

మ్యూనిక్ నుంచి:

తమ్ముడూ, నాలుగింటికి వద్దే వద్దు. మధ్యాహ్నం 1:15కల్లా కారు కదలాలి. మరీ అంత ముందా అంటావేమో, కాస్త ఓపిగ్గా చదువు.

మాది విజయవాడ పటమట. మా ఇంటికీ గన్నవరానికీ ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. నాలుగేళ్ళ కిందట నా కాన్పుకి మా అమ్మ ఒక్కతే వస్తుంటే, ఆ దగ్గరే మా కొంప ముంచింది. విమానం 7:40కి. దగ్గరేగా అని 5:20కి యాప్‌లో కారు బుక్ చేశారు. డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికని అడిగాడు, గన్నవరం అనగానే క్యాన్సిల్ చేశాడు. రెండో కారు గుమ్మం ముందుకి వచ్చేసరికి ఆరైంది. రామవరప్పాడు రింగు దగ్గరే ఇరవై నిమిషాలకు పైగా ఆగిపోయింది. అమ్మ కౌంటర్ దగ్గరికి చేరేసరికి 6:48. కౌంటర్ 6:40కే మూసేశారు. "ఇంకా గంట టైముంది కదమ్మా, విమానం ఎగరలేదు కదా" అని ఆ అమ్మాయిని అడుగుతూనే ఉందట. ఒళ్ళో మినపసున్ని ఉండల డబ్బా పెట్టుకుని అక్కడే కుర్చీలో గంటసేపు కూర్చుంది. నాకు ఫోన్ చేస్తే నేను కంగారు పడతానని చేయలేదు.

ఆవిడ పర్సులో నేను ఫోన్లో చెప్పి రాయించిన కాగితం ఉంది. అందులో 7:40 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. ఆ గీతలు గీయమన్నది నేనే. నిజానికి ఆ కాగితం మీద ఉండాల్సిన అంకె 6:40. నువ్వు ఆ తప్పు చేయకు. మీ నాన్నగారికి 6:35 అన్న మాటే చెప్పకు. డొమెస్టిక్ విమానాలకి మామూలుగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అంటే మీవాళ్ళ విమానం 5:35కి వెళ్ళిపోయినట్టే లెక్క. వెబ్ చెక్-ఇన్ చేసినా బ్యాగులు ఆ టైములోపే అప్పజెప్పాలి.

అప్పుడు మావి రెండు వేర్వేరు టికెట్లు. గన్నవరంలో తప్పిపోతే ఢిల్లీ నుంచి ఉన్న టికెట్ డబ్బులు కూడా పోయాయి. మీది ఒకే టికెట్ కాబట్టి ఢిల్లీ విమానం వాళ్ళే లేటు చేస్తే, తర్వాతి విమానం చూసే బాధ్యత వాళ్ళదే. కానీ మీవాళ్ళే గన్నవరంలో ఎక్కకపోతే మిగతా ప్రయాణమంతా క్యాన్సిల్ అయిపోతుంది. రేపు ఢిల్లీ వెళ్ళి అక్కడ ఎక్కుతాం అన్నా కుదరదు.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేద్దాం. 5:35కి కౌంటర్ మూత. పెద్దవాళ్ళు, మొదటిసారి, పైగా విదేశం. కౌంటర్లో వీసా చూస్తారు, రిటర్న్ టికెట్ అడుగుతారు, బ్యాగు బరువెక్కువైతే అక్కడే విప్పి సర్దుకోవాలి. కాబట్టి నాలుగింటికి టర్మినల్ గుమ్మం దగ్గర ఉండాలి. గుంటూరు నుంచి రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నరలో వెళ్ళిపోవచ్చు. అయినా రెండు గంటలు వేసుకో, ఊహించని దానికి ఇంకో అరగంట. అక్కడికి 1:30 అయింది.

గురువారం రాహుకాలం ఎప్పుడో తెలుసా? 1:30 నుంచి 3 దాకా. మీ అమ్మగారు ఈపాటికే క్యాలెండర్‌లో చూసి ఉంటారు. మీ నాన్నగారు నాలుగింటికి అనడానికి కారణం ట్రాఫిక్ కాదు, ఇదేనేమో అడిగి చూడు. మాటకి మాట పెంచి "ఈ రోజుల్లో రాహుకాలమేంటి" అనకు. మొదటిసారి సముద్రాలు దాటుతున్నారు, ఆ ధైర్యం వాళ్ళకి కావాలి. 1:15కి బయల్దేరితే రాహుకాలానికి ముందే గడప దాటినట్టు. అదీ కుదరకపోతే పొద్దున మంచి టైము చూసి పక్కింట్లో ప్రస్థానం పెట్టమను. మా అమ్మమ్మ ఎప్పుడూ అలాగే చేసేది. చిన్న సంచిలో ఒక చీర, కాస్త పసుపు కుంకుమ పెట్టి ఎదురింట్లో ఉంచితే ప్రయాణం మొదలైపోయినట్టే. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా పట్టింపు లేదు. ఒక్కటే జాగ్రత్త, ఆ సంచిలో పాస్‌పోర్టులు, మందులు పెట్టకూడదు.

దారి సంగతి. పెదకాకాని, యూనివర్సిటీ, కాజ టోల్‌గేటు, మంగళగిరి దాకా పెద్ద ఇబ్బంది ఉండదు. తాడేపల్లి దాటి కృష్ణ మీద వారధి ఎక్కే చోట మొదటి మెలిక. వారధి దిగాక బెంజ్ సర్కిల్ అంటే ఇదివరకు గుండె దడే, ఇప్పుడు ఫ్లైఓవర్ మీదుగా దాటేస్తాం. కానీ పైన దాటిన బళ్ళన్నీ కిందికి దిగాక మహానాడు జంక్షన్ దగ్గర, రామవరప్పాడు రింగు దగ్గర మళ్ళీ కూడుకుంటాయి. ఏలూరు రోడ్డు వచ్చి కలిసేదీ ఆ రింగు దగ్గరే. తర్వాత ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు దాకా రోడ్డుకి రెండు పక్కలా షోరూములు, కాలేజీలు, అడ్డంగా తిరిగే ఆటోలు. గూడవల్లి దాటాకే ఊపిరి పీల్చుకునేది.

మూడున్నర దాటిందంటే ఆ రోడ్డంతా పసుపుపచ్చ బస్సులే. అవి ఖాళీ అయ్యేలోపు ఆఫీసుల వాళ్ళు బయటికొస్తారు. నాలుగింటికి గుంటూరులో బయల్దేరితే మీవాళ్ళు సరిగ్గా ఆ రద్దీకి ఎదురెళ్ళి రింగు దగ్గర చిక్కుకుంటారు. అరగంట ముందు బయల్దేరినా లాభం లేదు. మూడు కొట్టేలోపు రామవరప్పాడు దాటారా లేదా, అదొక్కటే నువ్వు చూసుకోవాలి. 1:15కి కదిలితే నిదానంగా వెళ్ళినా దాటతారు. టర్మినల్లో ఓ గంట ఊరికే కూర్చుంటారు, కూర్చోనీ. ఇంట్లో కలిపిన పులిహోర అక్కడ తింటారు.

కారు యాప్‌లో ఆ పూట బుక్ చేయకండి. మీ వీధిలో ట్రావెల్స్ కారు నడిపేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ముందురోజే మాట్లాడి కొంత అడ్వాన్సు ఇవ్వండి. గ్యాస్ బండి అయితే గ్యాస్ కొట్టించుకునే రమ్మనాలి. దారిలో బంకు దగ్గర క్యూలో నిలబడితే ఇరవై నిమిషాలు ఇట్టే పోతాయి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో కూడా అడగండి.

ఇంకో మాట, నాకు ఇది ట్రాఫిక్ కన్నా ముఖ్యం. సాగనంపడానికి మీ బాబాయిలు, పిన్నిలు వస్తారు. రావాలి కూడా. కానీ ముందురోజు సాయంత్రం రమ్మను. బయల్దేరే పూట వస్తే కాఫీలు, బొట్టు పెట్టడాలు, ఫోటోలు, "ఈ మాగాయ సీసా మా వాడికి కూడా" అంటూ మూసిన సూట్‌కేసు మళ్ళీ తెరవడాలు. ముప్పావుగంట అక్కడే కరిగిపోతుంది. దారిలో పెదకాకాని గుడి, మంగళగిరి పానకాల స్వామి ఉన్నాయి కదా, దణ్ణం పెట్టుకుని వెళ్దాం అంటారు. అదీ ముందురోజే అయిపోవాలి.

సర్దేటప్పుడు నువ్వు వీడియో కాల్‌లో ఉండు. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టనివ్వకు. వాటిలోని నూనెకి మంట అంటుకునే గుణం ఉందని విమానంలోకి రానివ్వరు, బ్యాగు తెరిపించి తీయిస్తారు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. పచ్చళ్ళు మాత్రం పెద్ద సూట్‌కేసులోనే, చేతి సంచిలో నూనె సీసా కనపడితే సెక్యూరిటీలో తీయించేస్తారు.

స్టుట్‌గార్ట్ నుంచి:

అక్క చెప్పిన దానికి గుంటూరు వైపు సంగతి కలుపుతాను, మాది లక్ష్మీపురం. బ్రోడీపేట నుంచి హైవే ఎక్కేలోపే టైము పోతుంది. శంకర్‌విలాస్ పాత వంతెన తీసేసి కొత్తది కట్టే పని పెట్టుకున్నారు కాబట్టి అటు నమ్ముకోవద్దు. వాన పడితే 'మూడు వంతెనలు' అనే చోట కింద నీళ్ళు నిలుస్తాయి. ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్ళి హైవే ఎక్కమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.

పశ్చిమ బైపాస్ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. కాజ దగ్గర మొదలై, కృష్ణ దాటి, గొల్లపూడి మీదుగా చిన అవుటపల్లి దగ్గర మళ్ళీ హైవేలో కలుస్తుంది. విజయవాడ ఊళ్ళోకి అసలు వెళ్ళక్కర్లేదు. చిన అవుటపల్లి గన్నవరం దాటాక వస్తుంది కాబట్టి కొంచెం వెనక్కి తిరిగి రావాలి. ఆ వారంలో దాని మీద నడిపిన డ్రైవర్ అయితేనే ఆ దారి పట్టండి. ఫోన్లో మ్యాప్ చూపించిందని పెద్దవాళ్ళతో కొత్త రోడ్డు ప్రయోగాలు వద్దు.

వారధి మీద ఆగిపోతే కొందరు ఉండవల్లి వైపు తిప్పి ప్రకాశం బ్యారేజీ మీదుగా తీసుకెళ్తారు. నా మటుకు నేను ఒప్పుకోను. బ్యారేజీ ఇరుకు, పైగా దిగితే వన్ టౌన్, బస్టాండు రద్దీలో పడి, ఏలూరు రోడ్డంతా ఈదుకుంటూ మళ్ళీ ఆ రామవరప్పాడు రింగుకే రావాలి. దసరా రోజుల్లో అయితే అటు వైపే చూడకూడదు. మూలా నక్షత్రం రోజున అమ్మవారి దర్శనానికి వచ్చే జనానికి ఊళ్ళో సగం దార్లు మళ్ళిస్తారు. మీవాళ్ళ ప్రయాణం నవరాత్రుల్లో పడిందేమో చూసుకోండి.

అలాగే ముందురోజు పేపర్ చూడమనండి. పెద్ద నాయకులంతా దిగేది గన్నవరంలోనే, అమరావతికి వెళ్ళేదీ ఇదే రోడ్డు మీద. 2024 జూన్ 12న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం విమానాశ్రయం పక్కనే కేసరపల్లిలో జరిగింది. అలాంటి రోజున కాన్వాయ్ కోసం బళ్ళు ఆపేస్తే డ్రైవర్ ఎంత మంచివాడైనా చేసేదేం లేదు.

వానల సంగతి ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు కూడా తెగిపోయింది. తుపాను హెచ్చరిక ఉంటే బుధవారం సాయంత్రమే వెళ్ళి గన్నవరం దగ్గర్లో గది తీసుకుని పడుకోమనండి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. మీరన్నట్టే రాహుకాలమేనట, అమ్మ ఒప్పుకుంది. నాన్న మాత్రం "బస్సుకి కూడా మూడు గంటల ముందు ఎవరెళ్తారు" అంటున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించను? ఇక్కడి నుంచి నేనేం చేయగలను? ఇంకొకటి, డిజియాత్ర (ఎయిర్‌పోర్టులో ముఖం స్కాన్ చేసి లోపలికి పంపే యాప్) పెట్టించనా?

మ్యూనిక్ నుంచి:

నాన్నగారితో ట్రాఫిక్ గురించి వాదించకు. ఆ రోడ్డు మీద ఆయన నలభై ఏళ్ళుగా తిరుగుతున్నారు, నీ మాట వినరు. కౌంటర్ మూసే టైము చెప్పు, అది ఆయనకి కొత్త సంగతి. మా అమ్మ కథ చెప్పు, పర్లేదు, ఆవిడే అందరికీ చెప్తుంది.

డిజియాత్ర గన్నవరంలో ఉంది కానీ ఇది కొత్త యాప్ నేర్పే సమయం కాదు. టికెట్ ప్రింటు, పాస్‌పోర్టు చాలు, గుమ్మం దగ్గర అవే చూస్తారు. వీల్‌చైర్ సాయం కావాలని ఇప్పుడే విమాన సంస్థకి చెప్పి పెట్టు. మోకాళ్ళ నొప్పులు లేవని నాన్నగారు అభ్యంతరం చెప్పొచ్చు, కానీ ఢిల్లీలో ఇమ్మిగ్రేషన్ దాకా నడక చాలా ఉంటుంది, భాష కూడా కొత్త. బ్యాగులకి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ట్యాగ్ వేశారో లేదో కౌంటర్లో అడిగి, ట్యాగ్ ముక్క ఫోటో తీసి నీకు పంపమను.

టికెట్ ఏజెంట్ దగ్గర కొన్నావా? అయితే టైము మారితే మెసేజ్ ఆయనకి వెళ్తుంది, నీకు రాదు. మంగళవారం, మళ్ళీ గురువారం పొద్దున పీఎన్‌ఆర్ కొట్టి నువ్వే చూసుకో.

గురువారం నువ్వు సెలవు పెట్టు, కనీసం పూట. అక్కడ 1:15 అంటే, వేసవి టైము నడుస్తుంటే నీకు పొద్దున 9:45. అమ్మ ఫోన్‌లో వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల పాటు ఉండేలా పెట్టించు. చుక్క వారధి మీద ఉన్నా, రింగు దగ్గర ఆగినా మాటిమాటికీ ఫోన్ చేయకు, ఛార్జింగ్ అయిపోతుంది, వాళ్ళకీ టెన్షన్ పెరుగుతుంది. డ్రైవర్ నంబర్ మాత్రం నీ దగ్గర ఉంచుకో.

చివరగా ఆ కాగితం. తెల్ల కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో నాన్నగారి చేతే రాయించు. పైన 5:35, దాని కింద "కౌంటర్ మూసే టైము". తర్వాత పీఎన్‌ఆర్, నీ నంబరు, నీ అడ్రసు. చొక్కా జేబులో ఒకటి, అమ్మ పర్సులో ఒకటి. ఎర్ర గీతలు 5:35 కిందే గీయమను.

గురువారం వాళ్ళు కౌంటర్ దాటాక ఇక్కడ ఒక్క ముక్క రాయి తమ్ముడూ. అప్పటిదాకా నేను కూడా ఫోన్ చూసుకుంటూనే ఉంటాను.