నాయనమ్మ ట్రంకుపెట్టెలోని కాగితాలను విడదీయాలా, కలిపే ఉంచాలా?

ప్రశ్న: సూర్యాపేట మనుమరాలు

సూర్యాపేటకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పుతున్నప్పుడు అటక మీది నుండి మా నాయనమ్మ ట్రంకుపెట్టె దిగింది. ఆమె పోయి పదకొండేళ్లయింది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఆమె సంఘంలో (ఆంధ్ర మహాసభను ఊళ్లలో అలా అనేవారు) పనిచేసిందనీ, దళాలకు అన్నం మోసిందనీ, కొన్నాళ్లు జైల్లో ఉందనీ ఇంట్లో అందరికీ తెలుసు గాని, ఆమె ఇన్ని కాగితాలు దాచుకున్నదని ఎవరికీ తెలియదు. పెట్టెలో జైలుకు సంబంధించినదని మేము అనుకుంటున్న ఒక ఉర్దూ కాగితం, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తు నకళ్లు, కట్ట కట్టిన ఉత్తరాలు, పేర్లు రాయని ఫొటోలు, నాట్ల కూలీ లెక్కలు రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలు, బతుకమ్మ పాటలు రాసిన ఒక పుస్తకం ఉన్నాయి.

ఉర్దూ కాగితానికి వెంటనే లామినేషన్ చేయించాలని మా చిన్నాయన అంటున్నారు. ఒక గ్రంథాలయం వారిని అడిగితే, పోరాటానికి సంబంధించిన కాగితాలు మాత్రమే తీసుకుంటామనీ, కూలీ లెక్కలూ పాటలూ తమకు అక్కరలేదనీ చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుండి నాకు మనసులో కష్టంగా ఉంది. ఏది ఉంచాలో, ఏది ఇవ్వాలో, వానాకాలం ముదరకముందే వీటిని ఎలా కాపాడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: పాత దస్త్రం

నేను ఉద్యోగమంతా దస్తావేజుల మరమ్మతు విభాగంలోనే చేసి విరమించాను. మొదట మీ చిన్నాయన గారిని ఆపండి. లామినేషన్‌లో వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితపు పోగుల్లోకి దిగుతుంది. తరువాత దాన్ని విడదీయాలంటే కాగితం కూడా పోతుంది. చిరిగినచోట సెల్లోటేపు కూడా వేయవద్దు, ఎందుకంటే కొన్నేళ్లకు దాని జిగురు గోధుమరంగు మరకై అక్షరాలను తినేస్తుంది.

రెండవది, పెట్టెను ఇంకా పూర్తిగా ఖాళీ చేయకపోతే అదృష్టమే. ఏ పొర మీద ఏ పొర ఉందో ఫోనుతో ఫొటో తీస్తూ ఒక్కొక్కటీ బయటకు తీయండి. ఒక ఉత్తరాన్ని ఆమె లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి ఉంటే అది అక్కడే ఎందుకుందన్నది కూడా ఒక సమాచారమే. ఉత్తరాలన్నీ ఒకచోట, ఫొటోలన్నీ ఒకచోట సర్దేస్తే ఆ సమాచారం పోతుంది. తీసిన ప్రతి కాగితానికీ వెనుక మూలలో మెత్తని పెన్సిలుతో సంఖ్య వేయండి, బాల్‌పెన్ను మాత్రం వాడవద్దు. తుప్పు పట్టిన గుండుసూదులనూ స్టేపుల్ పిన్నులనూ లాగకుండా, వంచి నెమ్మదిగా తీయండి. ఒకదానికొకటి అంటుకున్న ఫొటోలను బలవంతంగా విడదీయకండి.

తడి తగిలిన కాగితాలను ఎండలో కాకుండా నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. ఆ తరువాత ఉతికిన తెల్లని నూలుబట్టలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా ఎత్తున పెడితే చెదలు పట్టే అవకాశం తగ్గుతుంది. మామూలు ప్లాస్టిక్ సంచులు తేమను లోపలే పట్టి ఉంచుతాయి, వాటిలో పెట్టవద్దు. రాతప్రతులను 300 డీపీఐలో (స్కానర్‌లో స్పష్టతను చెప్పే కొలత), ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, మూలప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. వాట్సాప్‌లో పంపిన బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది కనుక దానినే ప్రతిగా లెక్కించవద్దు. మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

జవాబు: నల్లగొండ ఉపాధ్యాయురాలు

కూలీ లెక్కలు అక్కరలేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన ఉమ్మడి జిల్లా ఆడవాళ్ల చరిత్ర ఎక్కువగా పోయింది ఇలాంటి ఎంపిక వల్లనే. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలలో భూమి సాధారణంగా మగవాళ్ల పేరు మీద ఉంటుంది. స్త్రీ కనబడినా ఫలానావారి భార్యగానో, ఫలానావారి వితంతువుగానో కనబడుతుంది. పింఛను కాగితాలలోనూ ఇదే ఇబ్బంది ఉంది. 1972లో మొదలై 1980లో విస్తరించిన కేంద్ర ప్రభుత్వ పింఛను పథకంలో కనీసం ఆరు నెలల జైలు ఉండాలన్న నియమాన్ని స్త్రీలకు మూడు నెలలకు తగ్గించారు గాని, రాత్రిపూట అన్నం మోసిన, చీటీలు అందించిన, గాయపడినవారిని దాచిపెట్టిన ఆడమనిషికి జైలు రికార్డు గాని వారంటు గాని ఎక్కడిది? ఆమె చేసిన పనికి రుజువు ఏదైనా ఉంటే అది మీ పెట్టెలాంటి చోటనే ఉంటుంది.

ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వారు ఊరూరా తిరిగి రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. అప్పటికే పోరాటం ముగిసి ముప్పై ఏళ్లు దాటింది. జ్ఞాపకం నుండి వచ్చిన ఆ మాటల పక్కన, ఆ కాలంలోనే రాసిన కాగితం ఒకటి దొరికితే దాని విలువ ఎంతో మీరే ఊహించండి. మీ నాయనమ్మ లెక్కల పుస్తకాలలో నాటుకు ఆడకూలీకి ఎంత, దున్నకానికి మగకూలీకి ఎంత, ఎవరు ధాన్యంగా తీసుకున్నారు, ఎవరు అప్పు కింద చెల్లించుకున్నారు అన్నవి ఏడాది వరుసలో ఉంటే, మన ప్రాంతపు ఆడవాళ్ల శ్రమ గురించి అంత సూటిగా చెప్పే పత్రం మరొకటి దొరకడం కష్టం. పాటల పుస్తకం కూడా అంతే. బతుకమ్మ ఉయ్యాల వరుసలోనే సంఘం పాటలూ కట్టి పాడుకున్నారు కనుక, ఏ పాట పక్కన ఏ పాట రాసుకున్నదో గమనించండి.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. పెళ్లి తరువాత అత్తవారింట్లో పేరు మారేది, అజ్ఞాతంలో మళ్లీ మారేది. 1952లో ఆలేరు నుండి శాసనసభకు ఎన్నికైన ఆరుట్ల కమలాదేవి పుట్టింటి పేరు రుక్మిణి. పోరాట నాయకురాలు మల్లు స్వరాజ్యం పేరు దళంలో రాజక్క. మీ ఉత్తరాలలో మూడు పేర్లు కనబడితే ముగ్గురు మనుషులని వెంటనే అనుకోవద్దు. ఫొటోలను మీ ఇంటి పెద్ద ఆడవాళ్ల ముందు పెట్టి, వాళ్లు చెప్పేది వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. ఈ పని స్కానింగ్ కంటే ముందు చేయాలి, ఎందుకంటే కాగితం మరో ఏడాది ఆగుతుంది గాని ఎనభై దాటిన మనిషి గురించి అలా అనుకోలేము.

ఉర్దూ కాగితంలో తేదీ ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరంలో ఉంటే 590 కలపండి. 1355 ఫస్లీ అంటే సుమారుగా 1945-46. హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన) తేదీకి ఈ లెక్క పనికిరాదు కనుక ఏ సంవత్సరమో చదివించుకున్నాకే నిర్ణయించండి.

జవాబు: పాలమూరు నుండి

మా అమ్మ మహబూబ్‌నగర్ దగ్గరి ఊళ్లో పొదుపు సంఘం నడిపింది. ఆ సంఘం తీర్మానాల పుస్తకాలలో సారా దుకాణం ఎత్తివేయాలని ఆడవాళ్లు వేలిముద్రలు వేసిన పేజీలు ఉండేవి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం రాకముందు ఆ ఊళ్లో ఏం జరిగిందో అవే చెప్పేవి. కొత్త పుస్తకాలు వచ్చాక పాతవాటిని ఎవరో పాతకాగితాలవాడికి వేసేశారు, మేము చూసుకోలేదు. ఆ బాధతో చెబుతున్నాను, అక్కా, కట్టను విడగొట్టి ఎవరికీ ఇవ్వకండి.

ఉత్తరాల గురించి రెండు మాటలు. మా దిక్కు వలస వెళ్లినవారికి ఇంటి ఆడవాళ్లు బడి పిల్లలతో చెప్పి రాయించేవారు. అలాంటి ఉత్తరంలో మాట ఒకరిది, చేతిరాత ఒకరిది. జాబితా రాసేటప్పుడు ఇద్దరినీ నమోదు చేయండి. ఇక ఉత్తరం మీ చేతిలో ఉన్నా, దాన్ని ప్రచురించే హక్కు రాసినవారిది, వారు పోయాక వారసులది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక ఆడమనిషి తన కష్టాన్ని నమ్మి మీ నాయనమ్మకు చెప్పుకున్న మాటను ఆమె పిల్లలను అడగకుండా బయటపెట్టడం నాకు న్యాయంగా తోచదు. సంస్థకు ఇచ్చేటప్పుడు ఏవి ఎన్నేళ్ల దాకా మూసి ఉంచాలో రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

తిరిగి: సూర్యాపేట మనుమరాలు

మీ అందరికీ నమస్కారాలు. లామినేషన్ ఆగింది. నిన్న మా మేనత్తను పిలిపించి, ఫోను రికార్డు పెట్టి, ఒక్కొక్క ఫొటో చూపించాను. పదమూడు ఫొటోలలో తొమ్మిదింటిలోని వారిని గుర్తుపట్టింది. తరువాత లెక్కల పుస్తకం తీసి, మొదటి పుస్తకంలో రెండు చేతిరాతలు ఎందుకున్నాయని అడిగాను. మొదటి రాత తాతదని చెప్పింది. సంఘం రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న నాయనమ్మ, తాత రాసిన లెక్కనే కింద మళ్లీ తన చేతితో దిద్దుకునేదట. ఎనిమిదో పేజీ నుండి తాత రాత లేదు.

మొత్తం పెట్టెను ఒకే సేకరణగా తీసుకునేవారికే ఇస్తామని ఇంట్లో అందరం ఒప్పుకున్నాము. ఉర్దూ కాగితం చదవగలిగినవారు ఎవరైనా నల్లగొండలో గాని సూర్యాపేటలో గాని ఉంటే చెప్పండి, నేనే తీసుకుని వస్తాను.