అప్‌డేట్: రిపీటర్ తయారైంది, ఇనుప తలుపూ తెరుచుకుంటోంది

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో రిపీటర్ (తగ్గిపోయిన సిగ్నల్‌ని మళ్ళీ పూర్తి బలానికి తెచ్చే బ్లాకు) ఎందుకు తయారవట్లేదని, లీవర్ నుంచి 24 బ్లాకులు వేసిన రెడ్‌స్టోన్ తీగ (డస్ట్ అనే ఎర్ర పొడితో వేసే, సిగ్నల్ మోసే దారి) తలుపు దాకా ఎందుకు వెలగట్లేదని అడిగాను కదా, రెండూ తేలాయి.

మొదటిది రాయి తేడా. క్రాఫ్టింగ్ టేబుల్ కింది వరసలో నేను పెట్టినవి 3 కాబుల్‌స్టోన్లు. అవి పనికిరావు, వాటిని ఫర్నేస్‌లో ఒకసారి కాలిస్తే వచ్చే స్టోన్ కావాలి. ఒక్కోటి కాలడానికి 10 సెకన్లు, ఒక్క బొగ్గుతో 8 అవుతాయి. మధ్య వరసలో టార్చ్, డస్ట్, టార్చ్. ఆ టార్చ్ మామూలుది కాదు, పుల్ల మీద రెడ్‌స్టోన్ డస్ట్ పెట్టి చేసింది.

ఇక తీగ. లీవర్ పక్కన సిగ్నల్ బలం 15, బ్లాకుకి ఒకటి చొప్పున తగ్గుతుంది. దగ్గరగా చూస్తే ఎరుపు మసకబారుతూ పోవడం కనిపిస్తుంది. 15వ డస్ట్ దగ్గర బలం 1, ఆ తర్వాత చీకటే. అందుకే 16వ చోట రిపీటర్ పెట్టి, దాని తర్వాత 8 డస్ట్ వేశాను. రిపీటర్‌కి పోయిన 3తో కలిపి మొత్తం 26 డస్ట్. ఇనుప పికాక్స్‌తో ఒక్కో రెడ్‌స్టోన్ ఖనిజం 4 లేదా 5 డస్ట్ ఇస్తుంది కాబట్టి 7 తవ్వితే చాలు.

రిపీటర్ పెట్టేటప్పుడు లీవర్‌కి వీపు పెట్టి, తలుపు వైపు చూస్తూ పెట్టండి. తిరగేస్తే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది, నాకు అరగంట పట్టింది ఇందుకే.